గట్టు వెనక గొయ్యి

అప్పకి,

తమ్ముడు దండాలు పెట్టి రాస్తున్నాను. నువ్వు, బావ, చిన్నది, మీ అత్తమ్మ కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. ఏటి గట్టు పనిలో రోజంతా పొక్లెయిన్ మీద కూర్చుని నడుమే బాగోలేదు. ఈ అస్సాంలో వాన మొదలైతే ఆగదు. ఆవనూనె కూరలకి నాలుక ఇంకా అలవాటు పడలేదు. దిగులు పెట్టుకోకు, తింటున్నాను. ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతపండు పంపు.

ఫోన్లో చెబితే నవ్వేశావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. బావకి కూడా చదివి వినిపించు.

పోయిన వారం ఇక్కడ నది పొంగింది. గట్టు ఎక్కడా చెక్కుచెదరలేదు, గట్టు అంచుకి నీరు ఇంకా నిలువెత్తు కిందే ఉంది. అయినా గట్టుకి ఇవతల, పొలంలో, ఉడికే అన్నంలా నీరు బుడబుడమని పైకి తన్నింది. నీటితో పాటు ఇసక. మన ఊళ్లో చేసినట్టే నేను బంకమట్టి తెచ్చి పోసి తొక్కేశాను. గొప్ప పని చేశాననుకున్నాను. కాసేపటికి పది అడుగుల అవతల రెండింతలు తన్నింది. ఇంజనీరు తిట్టని తిట్టు లేదు. తర్వాత చుట్టూ ఇసక బస్తాలు బావి ఒరలా పేర్చి, లోపల నీటిని నిలవనిస్తే, ఆ నీటి బరువుకి ఇసక రావడం ఆగింది. నీరు వచ్చినా పరవాలేదట, తేటగా రావాలట. ఇసక వస్తోందంటే గట్టు కింద నేల డొల్ల అవుతున్నట్టే.

అక్కడ అడుగున ఉన్నది పాత ఏటి ఇసక. పైన బంకమట్టి పొర ఉన్నంతకాలం అదే మూతలా కాపాడింది. ఎవరో ఇంటి మెరకకి ఆ మట్టి తవ్వుకుపోయారట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు అప్పా.

మన నాగావళి గట్టు వెనక, మీ పెరట్లో, ఆ పక్కనే మీరు నాకు వేసిన గదికి మెరక పొయ్యడానికి మట్టి తవ్వింది నేనే కదా. అడుగున ఇసక తగిలితే, "మెత్తగా వస్తన్నాది బావా" అని సంబరపడ్డాను. మొన్న ఫోన్లో నువ్వేమన్నావు? "ఏటి బయ్యంరా నీకు? గట్టు గట్టిగానే ఉన్నాది. గొయ్యిలో గేదె సల్లగా పడుంటాది" అన్నావు. గట్టు గట్టిదే అప్పా, దాని కింద నేలకే నా భయం.

బావని బతిమాలు. చెరువు బంకమట్టి నాలుగు ట్రాక్టర్లు పోయించి, దిమ్మిస కొట్టించి, వరద రాకముందే పూడ్చండి. నేనే వద్దును గానీ సెలవివ్వడం లేదు. ఒళ్లు అలిసిపోయింది, మనసూ అలిసిపోయింది. ఇక్కడ పరాయివాళ్ల గట్టు కాస్తున్నాను, అక్కడ నేను తవ్విన గొయ్యి అలాగే ఉంది.

మీ అత్తమ్మకి నా దండాలు, నన్ను దీవించమను. చిన్నదానికి ముద్దులు. నా గదిలోనే పడుకుంటానని మారాం చేస్తోందన్నావు. గొయ్యి పూడేదాకా దాన్ని ఆ గదిలో పడుకోబెట్టకు.

నీ తమ్ముడు,
సింహాచలం