తలవైపు పలక

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాది నిండింది. దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు ఖాళీ చేసి ఎల్బీనగర్‌లో ఒక్క గదికి మారాను. నువ్వు చేసిన డబుల్ మంచం ఇందులో పట్టలేదు. నా ఒక్కదానికి సరిపోయేలా కోసుకుందామనుకున్నాను.

నీ రంపం నా చేతిలో ఆడలేదు. ఫర్నిచర్ దుకాణంలో పనిచేసే పక్కింటి యాదమ్మను అడిగి కోత మిషన్ తెచ్చుకున్నాను. తలవైపు పలక మీద గీత గీసి, టేపు అంటించి, నువ్వెప్పుడూ చెప్పినట్టే సన్మైకా ముఖం పైకి పెట్టి కోశాను. అంచంతా పెచ్చులు లేచింది.

యాదమ్మ వచ్చి చూసింది. "రంపానికైతే గట్లనే అక్కా. మిషన్ పళ్లు కిందికెళ్లి పైకి కోస్తయి. దీనికి ఉల్టా పెట్టాలె," అంది.

కాళ్లవైపు పలక తిరగేసి కోశాను. ఒక్క పెచ్చు కూడా లేవలేదు.

ఇన్నాళ్లూ ఏ పనిలో చెయ్యి పెట్టినా ముందు నీ మాటే గుర్తొచ్చేది. ఇవాళ ఆ మాట వినకుండా కోసిందే బాగా వచ్చింది. ఆ నున్నటి అంచును చాలాసేపు తడుముతూ కూర్చున్నాను.

మంచం మళ్లీ బిగించి, తలవైపు పెచ్చులేచిన అంచు కనబడకుండా దాని పక్కన, నువ్వు పడుకోవాల్సిన చోట, బియ్యం డబ్బా పెట్టాను. సరిగ్గా పట్టింది.