కోటరేవు పది రాళ్ళు

ఎమ్మిగనూరు,
11 జనవరి 1987

చిరంజీవి మున్వర్‌కు,

పద్నాలుగేళ్ళ కిందట నీకొక మాట ఇచ్చి తప్పాను. బెంగళూరు పందేనికి నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోతానన్నాను. తీసుకుపోలేదు. తప్పు నీదేనని ఇన్నేళ్ళూ నమ్మాను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాను. నిన్న మధ్యాహ్నం నుంచి అలా చెప్పుకునే వీలు లేకుండా పోయింది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

నిన్న కోటరేవు హైస్కూలు ఆటల పోటీలకు నన్ను పిలిచారు. నేను పందొమ్మిదేళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేసిన బడి కదా, పోయాను. నీకోసం ఆ ఊళ్ళో ఎన్ని దోవలు వెతికానో గుర్తుందా? కాళ్ళలో బలం రావడానికి తుంగభద్ర ఇసుకలో ఒక దోవ. వేగానికి కోటగోడ చుట్టూ ఒకటి. అసలు పరీక్షకు పది రాళ్ళ దోవ: కోట వాకిలి నుంచి ఏటికట్ట మీదుగా రేవు దాటి, కూలిన గుర్రాలసాల పక్కగా జొన్నచేలల్లోకి దిగి, ఎర్రగుట్ట చుట్టి మళ్ళీ ఏటికట్ట మీదుగానే కోట వాకిలికి. కిలోమీటరుకొక రాయి పాతి సున్నం కొట్టాను. ఆ రాళ్ళు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు అక్కడ మేరి అనే అమ్మాయి డ్రిల్లు టీచరు. నాకు టీ ఇచ్చి మెల్లగా మొదలుపెట్టింది.

"సార్, మీ రాళ్ళు కొంచెం జరపాల్సొస్తాది."

"ఎందుకమ్మా?"

"రాయికీ రాయికీ నడుమ కిలోమీటరు మీద నలభై మీటర్లు ఎక్కువుంది. పదింటికీ అంతే."

"నీ టేపు సరిగా ఉందా?"

"మూడు తూర్లు కొలిసినాం సార్. నమ్మకపోతే ఒక కొస మీరే పట్టుకోండి."

పట్టుకున్నాను. మొదటి రాయి నుంచి రెండో రాయికి వెయ్యిన్నీ నలభై మీటర్లు. రెండోదాని నుంచి మూడోదానికీ అంతే. టేపు కొస మేరి చేతికిచ్చి గుర్రాలసాల అరుగు మీద కూర్చుండిపోయాను.

బెంగళూరు పందేనికి, పది కిలోమీటర్లు ముప్పై నాలుగు నిమిషాల లోపు పరుగెత్తిన వాడి పేరే పంపమన్నారు. ఆ పందెంలో నెగ్గితే రైల్వేలో ఉద్యోగం. పరీక్ష పరుగులో నువ్వు ముప్పై నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లకు వచ్చావు. అదనంగా ఉన్న నాలుగు వందల మీటర్లు తీసేస్తే ముప్పై మూడు నిమిషాల ఇరవై ఎనిమిది. నాలుగు సార్లు లెక్క వేశాను. నువ్వు గెలిచావు మున్వర్. గెలిచిన వాణ్ణి నేను ఇంటికి పంపించాను.

ఆ దోవ కొలిచింది నేత నేసే శేషన్న. బడి టేపు తుప్పుపట్టి తెగిపోతే నూలు పేని తాడు చేసిచ్చాడు. నేల మీద వదులుగా పరిచి, బట్టల కొట్టు మీటరు కడ్డీతో కొలిచి వంద మీటర్లకు ముడి వేశాం. దోవ కొలిచేటప్పుడు మాత్రం అతను ఆ తాడును మగ్గానికి పడుగు సాగదీసినట్టు బిగించి లాగి ఉంటాడు. నూలు చేతిలోకి వస్తే నేతగాడు వదులుగా ఉంచలేడు. తాడుకు నాలుగేసి మీటర్లు సాగింది. నేను పక్కనే నడుస్తూ తాళ్ళు లెక్కపెట్టాను తప్ప అతని చేతులు చూడలేదు.

శేషన్న పోయి ఆరేళ్ళయింది. ఉంటే ఇంటికి పోయి నిలదీసేవాణ్ణి. తన కొలతకు తిరుగులేదని వీధిలో చెప్పుకునే మనిషి. అతనికి ఆనాడే తెలిసి ఉంటుంది, పరువు పోతుందని నోరు మూసుకున్నాడు. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో రాజ్యాలు కూల్చింది గొప్ప దుర్మార్గులు కాదు, చిన్న తప్పు ఒప్పుకోలేని ఇలాంటి వాళ్ళే.

వచ్చే నెల బడి వార్షికోత్సవం. నిన్ను వేదిక మీద నిలబెట్టి, శేషన్న చేసిన పని ఊరంతటికీ చెబుతాను. తప్పకుండా రా.

ఆశీస్సులతో,
నీ మాస్టరు ప్రభుదాసు


ఆదోని,
19 జనవరి 1987

సార్‌కు మున్వర్ సలాములు.

మీ ఉత్తరం మిల్లు అడ్రసుకు వచ్చింది. ఒంటికి పట్టిన పత్తి దుమ్ము దులుపుకుని, గేటు బయట కూర్చుని రెండుసార్లు చదివినాను. మీరు ఇంత బాధపడతారనుకోలేదు. కానీ సార్, ఆ సంగతి నాకు తెలుసు. ఆ పరీక్ష పరుగు మరుసటి రోజు నుంచే తెలుసు.

ఆ రోజు గీత దాటి వచ్చి మీతో చెప్పినాను, "సార్, దోవ పొడుగుంది, కాళ్ళకు తెలుస్తాంది" అని. మీరు అందరి ముందర నవ్వినారు. "రాయి అబద్ధం చెప్తాదా? ఓడిపోయినోడి కాళ్ళు చెప్తాయి" అన్నారు. మీరు మర్చిపోయి ఉంటారు.

తెల్లారి ఇంకా చాయ్ తాగలేదు, శేషన్న మామ ఆ తాడు భుజానేసుకుని మా ఇంటికి ఉరుక్కుంటా వచ్చినాడు. మా అమ్మ బషీరాబీ ఆయప్పను చూసి, "నా కొడుకు ఉరకల్యాకపోయినా నువ్వు బాగా ఉరికినావు పో, కూసో, నీళ్ళు తాగు" అనింది. ఆయప్ప కూసోలేదు.

"మున్వరూ, కొంప ముంచినాన్రా. తాడును పడుగు గుంజలకు కట్టి లాగి సూస్తే నూటనాలుగు వస్తాండాది. నా సేతులిరగ. పా, సారు కాడికి పోదాం, ఇంకా టైముంది" అన్నాడు.

ఇద్దరం మీ ఇంటికి వచ్చినాము. మీరు వసారాలో పేపరు చదువుతా ఉన్నారు. మామ "సారూ, ఈ తాడు..." అన్నాడు. అంతే. మీరు లేచి, "సిఫారసుకు మనిషిని తెచ్చుకున్నావా?" అని నన్ను అడిగి, లోపలికి పోయి గడియ వేసుకున్నారు. మామ తలుపు మీద చెయ్యి పెట్టి పిలిచినాడు. "సారూ, తప్పు నాది. వాడిది గాదు" అని ఎండ వాకిట్లోకి వచ్చేదాకా అంటూనే ఉన్నాడు. తలుపు తీయలేదు. మధ్యాహ్నం టపాలో పేర్లు పోయినాయి. నా పేరు లేదు.

ఆయప్ప బతికినన్నాళ్ళూ ప్రతి రంజానుకు తన చేత్తో నేసిన లుంగీ ఒకటి నాకు పంపినాడు. వద్దన్నా ఇనలేదు. కాబట్టి సార్, ఆయప్పను వేదిక మీద ఏమీ అనొద్దు.

నన్నూ పిలవొద్దు. నా పిల్లలకు నేను ఓడిపోయిన కథే చెప్పినాను. చివర రాయి కాడ పడి లేచినట్టు చేసి చూపిస్తే వాళ్ళు నవ్వినారు, నేనూ నవ్వినాను. ఇప్పుడు గెలుపు తెచ్చి చేతిలో పెడితే, దాన్ని నేను యాడ పెట్టుకోవాల సార్?

మీ ఒళ్ళు జాగ్రత్త.

మున్వర్


ఎమ్మిగనూరు,
27 జనవరి 1987

మున్వర్,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులు. మొదటి రోజు నువ్వు అబద్ధం రాశావనుకున్నాను. రెండో రోజుకు ఆ పొద్దు కళ్ళ ముందుకు వచ్చింది. నీకు తెలియనిది ఒకటుంది. ఎవరికీ తెలియదు. నా భార్య సుగుణమ్మకు కూడా చెప్పలేదు.

నేను విన్నాను. తలుపు వెనకాలే నిలబడి ఉన్నాను. "తప్పు నాది" అని శేషన్న అన్న ప్రతిసారీ నా చెవిన పడింది. ఏ తప్పో అడగలేదు. తాడు సంగతి అని లోపల ఎక్కడో తెలుసు. తలుపు తీస్తే, ముందురోజు అంతమందిలో నవ్వి నీతో అన్న మాట అంతమందిలోనే వెనక్కి తీసుకోవాలి. మీరు వెళ్ళిపోయేదాకా కదలకుండా నిలబడి, తర్వాత పేపరు మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను. ఏం చదివానో తెలియదు. దీన్ని ఎంత లోతుకు తొక్కేశానంటే, మొన్న నీకు ఉత్తరం రాసేటప్పుడు కూడా గుర్తు రాలేదు. డెబ్బై ఏళ్ళవాడికి తన గురించి ఇంత తెలియకపోవడం ఉంటుందా అని దిమ్మెరపోయి కూర్చున్నాను.

నిన్న కోటరేవు పోయి, శేషన్న భార్య ఈరమ్మను చూశాను. మంచం వాల్చింది గానీ కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"ఈరమ్మా, మీ ఆయన తప్పేమీ లేదు."

"ఉండాది సార్. తాడు ఎక్కువ లాగినాడు. లాగినానని మీ వాకిట్లో నిలబడి సెప్పినాడు గూడా. ఇనేటోళ్ళు ల్యాకపోతే ఆయప్పేం జేస్తాడు?"

"నేను విన్నానమ్మా."

ఆమె మంచం కోడు వదిలి నావైపు తిరిగింది. "ఇన్యావా" అంది. లోపలికి పోయింది. గడియ చప్పుడు కోసం చూశాను. వేయలేదు. తలుపు తెరిచే ఉంది. లోపలికి పోయే ధైర్యం నాకు లేకపోయింది.

అక్కడి నుంచి మేరిని వెంటబెట్టుకుని ఏటికట్టకు పోయాను. ఇద్దరు కూలీలు గడ్డపారలతో రాళ్ళు పెళ్ళగించి సరైన చోట పాతారు. పదో రాయి కోట వాకిలి ముందు నుంచి తీసి, నాలుగు వందల మీటర్లు వెనక్కి, ఏటికట్ట దిగే చోట పెట్టాం. నీ పరీక్ష పరుగు అక్కడితో అయిపోయింది. ఆ పైన నువ్వు పరుగెత్తిందంతా ఊరికే పరుగెత్తావు.

నిన్ను వేదిక ఎక్కించను. నీ ఇంట్లో పిల్లలు నవ్వే కథను చెడగొట్టను. వార్షికోత్సవంలో తలుపు వెనక నిలబడిన మనిషి గురించి మాత్రం చెబుతాను, వినడానికి ఎవరూ రాకపోయినా సరే.

పద్నాలుగేళ్ళు నిన్ను తప్పుపట్టాను. రెండు వారాలు శేషన్నను తప్పుపట్టాను. మీ ఇద్దరినీ వదిలేశాను. ఒక్కణ్ణి మాత్రం వదలలేను, ఎన్నాళ్ళు బతికినా. అతని పేరు కింద రాస్తున్నాను.

ప్రభుదాసు