మూసేసిన చుక్క

మార్చి 3
ఫోటో స్టూడియో మూసి రెండేళ్లయింది. ఇవాళ మళ్లీ పని దొరికింది, అదీ ఇంట్లోనే. కోడలు గేలక్సీ ఫోటో పెద్ద ప్రింటు తెచ్చింది. ఆఫీసు గోడకు పెట్టాలట. అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపు తీసిందట. తెల్ల నలుసులు పడ్డాయి, టచింగ్ చెయ్యమంది.

ఆమె వెతికేది బ్లాక్ హోల్స్. చిన్నవి, మరీ పెద్దవి బాగానే దొరికాయట. నడిమి బరువున్నవే, గట్టిగా ఇదీ అని చెప్పగలిగినవి, చాలా అరుదట. మూడేళ్లుగా వెతుకుతోంది. 20వ తేదీలోగా ఒక్కటైనా చూపించి టెలిస్కోపు వాడుకునే టైమ్ అడగాలి. లేకపోతే ప్రాజెక్టు ఆపేస్తారు. నేను ఊఁ అన్నాను. ఇంకేదైనా అనాల్సింది.

మార్చి 4
సన్న బ్రష్, నల్ల ఇంకు. పదకొండు నలుసులు మూసేశాను. చెయ్యి ఇంకా పనికొస్తోంది. నాన్న చేతిలో పడితే చందమామకు కూడా మచ్చలుండవని మావాడి వేళాకోళం.

మా పెళ్లి ఫోటోలో నా భార్య చెంప మీది పుట్టుమచ్చ ఇలాగే తీసేశాను. ఇదెవరి ఫోటో అని అడిగింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు అడిగే మనిషే లేదు.

మార్చి 9, ఉదయం
కోడలు ఇంకో ప్రింటు ఇచ్చింది. అదే గేలక్సీ, ఇంకో ఏడాది తీసిన ఫోటో. టెలిస్కోపును కాస్త తిప్పి తీశారట, అందుకే బొమ్మ వాలింది. బ్రష్ పెట్టబోయి ఆగాను. గేలక్సీ పక్కన చుక్క. మొన్న మూసిందే.

కెమెరాలో దుమ్ముంటే ప్రతి ఫోటోలో అదే మూల పడుతుంది. నలభై ఏళ్లు చూశాను. ఇది మూల మారింది, గేలక్సీతో పాటు తిరిగింది. అంటే దుమ్ము కాదు. ఆకాశంలోనే ఉంది.

మార్చి 9, మధ్యాహ్నం
నిజమైనదాన్ని మూసేశాను.

మార్చి 10
చెప్పలేదు.

మార్చి 11
చెప్పాను. ఆమె ఆఫీసుకు బయల్దేరుతోంది, ఒక కాలికి చెప్పు వేసుకుంది.
"అమ్మా, నేనొక చుక్క మూసేశాను."
రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి, తడి దూదితో ఇంకు తుడిచాను. చుక్క బయటపడింది. ఆమె ఒంటి చెప్పుతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది.

అసలు డేటాలో ఉంది. ఫోటో అంచు దగ్గర పడినవాటిని ప్రోగ్రాం లోపం కింద కొట్టేస్తుందట.
"ప్రోగ్రాం కూడా మీలాగే మామయ్యా," అంది. నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎనిమిదేళ్ల నాటి పాత ఫోటో తీసింది. అందులో ఆ చుక్క లేదు. తర్వాతి దాంట్లో ధగధగ. ఆ తర్వాతి దాంట్లో తగ్గింది. ఏదో నక్షత్రం బ్లాక్ హోల్‌కి మరీ దగ్గరికెళ్లి చీలికలైపోయిందేమో, ఆ వెలుగేనేమో అంది. రోజురోజుకూ మసకబారుతుందట. ఆరిపోకముందే మళ్లీ చూడాలి.

మార్చి 20
దరఖాస్తు పంపించింది. మొదట ఎవరు చూశారన్న చోట మా మామయ్య అని రాసిందట. తీసెయ్యమన్నాను. తియ్యదట.

ఏప్రిల్ 28
టైమ్ ఇచ్చారు! మావాడు స్వీట్లు తెచ్చాడు. నేను నాలుగు తిన్నాను. షుగర్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

జూన్ 14
మళ్లీ తీసిన ఫోటో ఇవాళ వస్తుందట. పొద్దున్నించి ఫోన్ దగ్గరే కూర్చున్నాను. పదకొండుకు మోగింది.
"నడిమివాడు దొరికాడు మామయ్యా."
చుక్క ఇంకా ఉంది. బాగా మసకగా, కానీ ఉంది. దాని వెలుగు తీరును బట్టి బరువు కొన్ని వేల సూర్యులంత ఉంటుందట. ఇంకా లెక్కలు సరిచూడాలట, కానీ గొంతులోనే తెలిసిపోతోంది. ఆమె వెనక ఆఫీసంతా కేకలు. భోజనం చేశావా అమ్మా అని అడిగాను. ఫోన్ పెట్టాక వంటింట్లో నిలబడి ఒక్కణ్నే నవ్వుకున్నాను.

జూన్ 15
పెళ్లి ఫోటో గోడ మీంచి దించాను. అద్దం తీశాను. బ్రష్ తడిపాను.
ఎడమ చెంప. ముక్కుకు కాస్త దూరంగా.
పెట్టేశాను.