కండక్టరు అమ్మేసిన లాప్‌టాప్

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ నేను, నీ మరదలు, పిల్ల కులాసాగానే ఉన్నాం. బావగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని రాశావు, చాలా సంతోషం.

నేను కొన్న లాప్‌టాప్ పనిచేస్తోందా అని అడిగావు. దాన్ని పనిచేయడం అంటే, మా అచ్చాఫీసులో నేను ప్రూఫులు దిద్దే పుస్తకాలన్నిటినీ సాహిత్యం అనాలి. "ఇరవై ఏళ్ల నాటి సరుకు సార్, ఇలాంటివి ఇప్పుడు రావు" అన్నాడు పాత సామాన్ల దుకాణదారు. రాకపోవడమే లోకానికి మేలు. ఇటుకంత బరువు. మూత ఒక చేత్తో పట్టుకోకపోతే వెనక్కి పడిపోతుంది. ప్లగ్గు కదిలితే ప్రాణం పోతుంది. స్విచ్ వేసి నేను స్నానం చేసి వచ్చేసరికి తెర వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ ఈవేళ తారీఖెంత అని అడుగుతుంది. లోపలి ఫ్యాను మోత విని నీ మరదలు, "పిండిమర కొన్నారా?" అంది.

పదిహేనేళ్లుగా ఊరందరి తప్పులూ దిద్దేవాణ్ణి, సొంతంగా ఒక కథ రాయలేనా అనుకుని కొన్నాను. మొదలుపెట్టే ముందు అందులో ఏముందోనని వెతికితే, పాత యజమాని తుడిచెయ్యకుండా వదిలేసిన కథలు ఇరవై దాకా దొరికాయి. రాసింది, కథల్ని బట్టి, ఎవరో బస్సు కండక్టరు. వాక్యం ఎక్కడ ఆపాలో తెలియదు. చెప్పిన మాటే మళ్లీ చెబుతాడు. విజిలు ఊదేవాడికి కథలెందుకని నవ్వుకున్నాను.

నేనేం రాశానంటావా? నెల్లాళ్లు కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. అందులో మూడు కొట్టేశాను.

ఇక నీ రెండో ప్రశ్న. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. పత్రికలో నా కథ చదివి ఏడ్చానని, ఆస్పత్రిలో తోటి నర్సులందరికీ చూపించానని రాశావు. "అమ్మ చేతుల్ని ఇంతగా ఎప్పుడు గమనించావురా?" అని అడిగావు.

గమనించలేదక్కా. ఆ కథ నాది కాదు, ఆ కండక్టరుది. తెర మీద చూస్తూ కాగితాల మీదికి ఎత్తి రాశాను. రాస్తూ వాక్యాలు దిద్దాను. దిద్దగా దిద్దగా సగం నాదేననిపించింది. చివర నా పేరు పెట్టాను.

నీ ఉత్తరం చదివాక దుకాణదారును అడిగి ఆ కండక్టరు ఇల్లు పట్టుకున్నాను. రిటైరై చాలా కాలమైంది. లాప్‌టాప్, పత్రిక ఆయన ముందు పెట్టి, చేసింది చెప్పాను. కళ్లజోడు తుడుచుకుని, కథ మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివాడు. నన్ను కూర్చోమనలేదు.

"నేను 'మా అమ్మ' అని రాసినచోటల్లా 'ఆమె' అని ఎందుకు మార్చావు?" అన్నాడు.

"పునరుక్తి దోషం అవుతుందని..."

"అయితే అయింది. అమ్మను నాలుగుసార్లు అమ్మంటే నీకేం పోయింది?"

ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"పోనీ దొంగతనమైనా సరిగ్గా చేశావా అంటే అదీ లేదు. ఉన్నవాటిలో నాసిరకం ఎత్తుకెళ్లావు. మంచివి నీ కంటికి ఆనలేదు" అన్నాడు. కథలన్నీ తన దగ్గర వేరేగా ఉన్నాయట. "ఆ డబ్బా నువ్వే తీసుకుపో" అని లోపలికి వెళ్లిపోయాడు.

సంపాదకుడికి నిజం రాసి పంపాను. వచ్చే సంచికలో కండక్టరు పేరుతో, ఆయన వాక్యాలతో మళ్లీ వేస్తారట. నన్ను ఇక ఏమీ పంపవద్దన్నారు. నువ్వు ఎవరెవరికి చూపించావో వాళ్లందరికీ సంగతి చెప్పెయ్. నీకు తల కొట్టేసినట్టుంటుందని తెలుసు, అయినా చెప్పు.

అమ్మ చేతులు ఎలా ఉండేవో రాద్దామని నిన్న పొద్దున్న కూర్చున్నాను. ఎంతకీ గుర్తు రాలేదు. నా మీద కోపం తగ్గాక, నీకు గుర్తున్నది నాలుగు ముక్కలు రాసి పంపు. ఒక్క అక్షరం కూడా దిద్దను.

ఇట్లు,
నీ తమ్ముడు