జల్లెడలకు చిక్కిన చేపలు

అన్నయ్యా,

నేను బాగానే ఉన్నాను, ప్లాంటులో ప్రమాదమేమీ జరగలేదు. కానీ నిన్నటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మా అణు విద్యుత్ కేంద్రానికి పర్యావరణ నిబంధనలు మార్చారు. యంత్రాలను చల్లబరచడానికి సముద్రం నుంచి తోడే నీటితో ఎన్ని చేపలు కొట్టుకొచ్చి జల్లెడలకు చిక్కి చస్తున్నాయో ఇకమీదట రోజూ లెక్క రాయాలి. ఆ పని నాకు అప్పగించారు. ఓ యాభై ఉంటాయిలే అనుకుని ఒక్క బకెట్టు పట్టుకెళ్లాను. మధ్యాహ్నానికి నాలుగు వేల పైచిలుకు తేలాయి. చాలావరకు వేలెడంత పిల్లలే. "ఈ రోజే ఇన్ని పడ్డాయా?" అని జల్లెడలు కడిగే పెద్దాయనను అడిగాను.

"ఇవాళ తక్కువే బాబూ. ఇరవై ఏళ్లుగా పారతో ఎత్తిపోస్తున్నా. ఎన్నని ఎవరూ అడగలా" అన్నాడు.

సూపర్‌వైజరు మాత్రం "మొదటి రోజే అంత అంకె ఎందుకయ్యా, నాలుగు వందలని వేసెయ్" అన్నాడు. నేను ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. ఏం చేస్తారో తెలియదు.

వలలో ఏమీ పడటం లేదని నువ్వు మొత్తుకుంటే, చేతకాక ప్లాంటును ఆడిపోసుకుంటున్నావని నలుగురిలో నిన్ను ఎగతాళి చేశాను. తప్పయిపోయింది అన్నయ్యా.

అమ్మ కంటి చుక్కల మందు అయిపోయిందా? చిన్నదాని జ్వరం తగ్గిందా? వదిన చేత రెండు ముక్కలు రాయించు.

కొత్త నిబంధనల మీద వచ్చే బుధవారం అధికారులు ఇక్కడ ప్లాంటులో జాలరుల మాట కూడా వింటారట. నువ్వు తప్పకుండా రా. అందరి ముందూ నీ పక్కన నేను నిలబడతాను. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు