సుకన్య వద్దన్న స్కాలర్‌షిప్

హనుమకొండ,
28 అక్టోబర్ 2024.

చిరంజీవి సుకన్యకు,

మీ కళావతి ఆంటీ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు కూడా కుశలమేనని రాయాలి గానీ, రాయడానికి చెయ్యి రావడం లేదు. కుశలంగా ఉంటే నా ఫోన్ ఎత్తేదానివి కదా. మెసేజ్ చూసినట్టు గీతలు పడుతున్నాయి, జవాబు రావడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

దసరా అయిన మరునాడు నువ్వు మా ఇంటికి వచ్చిన సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు అర్థం కావడం లేదు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కావు. ఆ తర్వాత, మా అత్తమ్మ పేరు మీద నీకిచ్చే స్కాలర్‌షిప్ చెక్కు బ్యాగులోంచి తీసి టీపాయ్ మీద పెట్టావు. ఇగ వద్దాంటీ, అన్నావు. ఎందుకని అడిగితే ఏం లేదన్నావు. నేనిచ్చిన చాయ్ మొత్తం తాగావు, కప్పు నువ్వే కడిగి పెట్టావు. కోపంతో వచ్చిన మనిషి అట్లా చేస్తుందా? అందుకే అది కోపమని నాకు తోచలేదు.

మీ అంకుల్‌తో చెబితే, ఈ కాలం పిల్లలు అంతేనని, ఇంకో అమ్మాయిని చూద్దామని అన్నారు. ఆయన మా చీరల షాపు సంగతుల్లో ఉన్నారు. ఈసారి పండుగ గిరాకీ బాగుందట. నాకు మాత్రం ఇంకో అమ్మాయిని చూడబుద్ధి కాలేదు. మొదట్లో నిన్ను ఎంచుకున్న రోజున వచ్చిన పిల్లలందరూ మేం అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకున్నారు. నువ్వొక్కదానివే తిరిగి అడిగావు, "మధ్యల ఆపరు గదా ఆంటీ?" అని. ఆపమని మాటిచ్చాను. మేం ఆపలేదు, నువ్వే ఆపేశావు.

పెళ్లి కుదిరిందేమో అనుకున్నాను. ఎవరైనా అబ్బాయి మాట విని ఇట్లా చేస్తున్నావేమో అని కూడా అనుకున్నాను, కోప్పడకు. ఆఖరికి యూనివర్సిటీ హాస్టల్‌కే వచ్చాను. నువ్వు ల్యాబ్‌లో ఉన్నావన్నారు. నీ రూమ్మేట్ భవాని కిందికి వచ్చింది. పెళ్లీ లేదు, ఎవరూ లేరు, కానీ సెమిస్టర్ పరీక్ష ఫీజు ఇంకా కట్టలేదంది. కాస్త ఆగి ఇంకో మాట కూడా అంది. నువ్వు ఈ మధ్య మెయిన్ గేటు దిక్కు పోవట్లేదట. బజారుకు పోవాలన్నా వెనుక గేటు నుంచి చుట్టూ తిరిగి పోతున్నావట. ఎవరైనా ఏడిపిస్తున్నారా, పోలీసులకు చెబుదామా అని అడిగితే భవాని నా మొహంలోకి అదోలా చూసింది. "మీకు తెల్వదా మేడం?" అంది. ఏం తెలియాలని అడిగేలోపు, ఎవరో పిలుస్తున్నారంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆదివారం తొర్రూరు దాటి మీ ఊరికి వెళ్లాను. మీ నాన్న ఎల్లస్వామి గారు మార్కెట్‌కు పోయారట. మీ అమ్మ రాజక్క పత్తి చేనులో ఉంటే అక్కడికే పోయాను. నన్ను చూసి ఒడిలోని పత్తిని చెట్టు కింద దింపి, కొంగుతో గట్టు తుడిచి కూర్చోమంది. తను మాత్రం నిలబడే మాట్లాడింది. మేం ఏమైనా తప్పుగా మాట్లాడామా అని అడిగాను. అట్లాంటిదేం లేదంది. మీరు పెట్టిన అన్నం తిన్నది, మీ మీద మాట పడనియ్యం అంది. అయితే మరి ఎందుకు వద్దంటున్నదని గట్టిగా అడిగితే, పత్తికాయ ముళ్లు గీరిన వేళ్లను చూసుకుంది.

"మా లేమి ఊర్ల అందరికి ఎరుకేనమ్మా. దాన్ని ఊరు దాటించిండ్రు. పిల్ల తలకాయ లేపుతలేదు," అంది.

ఊరు దాటించడమంటే నిన్ను పట్నం పంపి చదివించడమనుకున్నాను. అందులో తలదించుకోవాల్సిందేముంది? ఊళ్లో ఎవరైనా నిన్ను ఏదైనా అన్నారా? దారి పొడుగునా ఇదే ఆలోచన. ఎంత ఆలోచించినా తల తిరగడమే గానీ దారి కనిపించలేదు.

సుకన్యా, నాకు తెలివి తక్కువేమో. నా వల్ల ఏదో అయిందని మాత్రం తెలుస్తున్నది. అదేమిటో నువ్వే ఒక్క ముక్క రాయి. స్కాలర్‌షిప్ తీసుకోకున్నా సరే, పరీక్ష ఫీజు మాత్రం గడువులోపు కట్టు.

ఇట్లు,
నీ మేలు కోరే,
కళావతి.

తా.క. 30 తారీఖు. ఈ ఉత్తరం పంపకముందే నాకు జవాబు దొరికింది.

కవరు మీద రాయడానికి నీ రూమ్ నంబరు కనుక్కుందామని ఆటోలో మళ్లీ హాస్టల్‌కు బయల్దేరాను. మొన్న అవతలి రోడ్డు మీదుగా వచ్చాను, ఇవాళ మెయిన్ గేటు మీదుగా. గేటు ఎదురుగా బస్టాపు మీద మనిషి కంటే ఎత్తు ఫ్లెక్సీ. అందులో నువ్వు, మీ అమ్మ. మీ ఇద్దరి ఒడిలో పత్తి, మీ అమ్మ భుజం మీద చినిగిన చీర. పైన మా షాపు పేరు. కింద, "ఒక చీర కొనండి, ఈ పేదింటి బిడ్డను చదివించండి" అని రాసి ఉంది. నీ క్లాసు పిల్లలు రోజూ బస్సెక్కే చోటు అది. మీ అమ్మ ఊరు దాటించిండ్రన్నది నిన్ను కాదు, మీ లేమిని.

ఆ ఫోటో పోయినేడు మీ చేనులో నా ఫోన్‌తో నేను తీసిందే. నువ్వెంత బాగా నవ్వావోనని మురిసి మీ అంకుల్‌కు పంపాను. దాన్ని ఆయన ఇట్లా వాడతారని నాకు తెలియదు. తెలియదన్న మాట నీకేం పనికొస్తుంది?

తిన్నగా షాపుకు పోయాను. మీ అంకుల్‌ను అడిగితే, అబద్ధం రాయించామా, ఉన్నదే కదా, పిల్లకు మేలే చేస్తున్నాం కదా అన్నారు. గిరాకీ ముందరే అడిగేశాను.

"మన బిడ్డ సౌమ్య బొమ్మ పెట్టి, ఈమె పెండ్లికి సాయం చేయుండ్రి, చీరలు కొనుండ్రి అని రాయిస్తవా?"

ఆయన ఫ్లెక్సీ కట్టినతనికి తానే ఫోన్ చేసి అన్నీ తీసేయమన్నారు. గేటు దగ్గరిది నా కళ్ల ముందే దింపించాను. వడ్లు ఆరబోసుకోవడానికి ఇయ్యమ్మా అని ఒక పెద్దామె అడిగింది. పాపం, ఆమెకు పనికొచ్చేదే. ఇవ్వలేదు. ఇంటికి తెచ్చి కత్తెరతో ముక్కలు చేశాను.

చెక్కు ఇందులో పెట్టడం లేదు. నువ్వు తీసుకుంటానంటే మాట తప్పకుండా ఇస్తాం. ఫోటో ఉండదు, పేరు ఉండదు, మా గడప తొక్కాల్సిన పని కూడా లేదు. వద్దంటే, వేరే స్కాలర్‌షిప్పులకు అప్లికేషన్ పెట్టేటప్పుడు నీ వెంట ఆఫీసులకు నేను తిరుగుతాను.

ఇంకొక్కటి మాత్రం ఇప్పటికీ అర్థం కావడం లేదు. అంత జరిగినా జమ్మి ఇచ్చావు, కాళ్లకు మొక్కావు, చాయ్ తాగి కప్పు కడిగావు. ఒక్క మాట అనలేదు. ఫీజు మేం కడుతున్నామని, మా మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా మాకే ఇచ్చేశావా బిడ్డా?

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. చేసి తిట్టు. నేను వింటాను.