నాలుగు గంటలకు మందిర వెళ్లిపోతుంది

6 అక్టోబరు 1998, మంగళవారం. కలకత్తా, సియాల్దా స్టేషన్

బండి ఇంకా కదల్లేదు. ఆయన కిటికీ పక్కన కూర్చుని ప్లాట్‌ఫాం మీద జనాన్ని చూస్తున్నారు. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎవరిదో వస్తువులా జాగ్రత్తగా పట్టుకున్నారు.

ఇది మాకు పద్నాలుగో సినిమా హోటల్. పెళ్లయినప్పట్నుంచీ ఇదే పిచ్చి. పూజ సెలవులకు అందరూ పూరీ, దీఘా అని సముద్రానికి పరిగెడితే, మేం ఏదో ఒక సినిమా తీసిన హోటల్ వెతుక్కుని వెళ్తాం. హీరో నిలబడ్డ చోట ఆయన, హీరోయిన్ నిలబడ్డ చోట నేను, ఒక ఫోటో. మా అక్క వెక్కిరించేది, జనం దేవుళ్లను చూడ్డానికి వెళ్తే మీ మొగుడూ పెళ్లాలు కుర్చీలు చూడ్డానికి వెళ్తారే కరబీ అని.

ఈసారి డార్జిలింగ్. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమా అక్కడిదే. 1956లో పదకొండుసార్లు చూశారట. కంచంలో చేప తలకాయను చివరికి దాచుకునే పిల్లాడిలా, ఆ హోటల్‌ను ఇన్నాళ్లూ దాచుకుంటూ వచ్చారు. ఇక దాచుకుంటే లాభం లేదు. డాక్టర్ నందీ తీసుకెళ్లండి అన్నారు. పాత ఇష్టాలు మంచివే, కాకపోతే ఆయన ఏమన్నా వాదించకండి, కాదు అనకండి అన్నారు.

జబ్బు పేరు ఇక్కడ రాయను.

7 అక్టోబరు, సాయంత్రం. డార్జిలింగ్, ఎవర్లీ హోటల్

దారిలో కుర్సియాంగ్‌లో టాక్సీ ఆపించాం. సినిమాలో మెట్లు అక్కడి హోటల్‌వి. వరండా, తొమ్మిదో నంబరు గది ఇక్కడివి. తెర మీద మాత్రం అంతా ఒకే హోటల్. హీరో అబినాశ్ మెట్లెక్కి ఎడమకు తిరుగుతాడు, హీరోయిన్ మందిర గది తలుపు వస్తుంది.

కుర్సియాంగ్‌లో ఆయన చకచకా మెట్లెక్కి ఎడమకు తిరిగారు. అక్కడ గోడ ఉంది. అరచేత్తో గోడంతా తడిమారు. గది ఏదీ అని అడిగారు. నేను పైన ఉంది అన్నాను. ఎంత పైన అన్నారు. ముప్పై కిలోమీటర్లు అని ఎలా చెప్పను.

ఎవర్లీలో దిగగానే, ఎవర్నీ అడక్కుండా ఎడమకు తిరిగి తొమ్మిదో నంబరు ముందు నిలబడ్డారు. మేనేజర్ ప్రధాన్ బాబు ఆయన్ను చూసి మురిసిపోయి, నిశీథ్ బాబు ఇదివరకు వచ్చినట్టున్నారే అన్నాడు. ఎప్పుడూ రాలేదు అన్నాను. ప్రధాన్ నవ్వు మానేశాడు.

8 అక్టోబరు

మధ్యాహ్నం సినిమాలో మందిరలా బూడిదరంగు శాలువా కప్పుకుని వరండా స్తంభం పక్కన నిలబడ్డాను. ప్రతిసారీ చేసే పనే. ఆయన కెమెరా ఎత్తారు. మళ్లీ దించేశారు. నెమ్మదిగా దగ్గరికి వచ్చి, మీరు వస్తారని అనుకోలేదు అన్నారు.

ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆయన నన్ను మీరు అనడం ఇదే మొదలు. సినిమాలో అబినాశ్, మందిర చివరిదాకా మీరు అనే అనుకుంటారు.

డాక్టర్ మాట గుర్తొచ్చి, వచ్చాను అన్నాను.

ఇక మాటలే మాటలు. ఆరు నెలలుగా నాలుగు మాటలు వరసగా అతకని మనిషి, గంటసేపు మాట తడబడకుండా మాట్లాడారు. సినిమా డైలాగులే కాదు. అందులో లేనివి కూడా. నా వేళ్లు చల్లబడ్డాయేమో అని అడిగారు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఎవరూ అంత ఇష్టంగా చూడలేదు. సిగ్గు వదిలి రాస్తున్నాను, నాకు సంతోషంగానే ఉంది. ఆ చూపు నాది కాదని తెలిసినా తీసుకున్నాను.

వాచీ చూసుకుని, నాలుగవుతోంది, మీరు బయల్దేరాలి అన్నారు.

సినిమా అలాగే అయిపోతుంది. నాలుగింటికి మందిర పొగమంచులో వాలు దిగి వెళ్లిపోతుంది. అతను పిలవడు. ఆమె మళ్లీ రాదు.

దిగి వెళ్లాను. స్కూలు గోడ మలుపు దాకా నడిచి, పది నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చాను. ఆయన మర్యాదగా కుర్చీలోంచి లేచారు. దారిలో బూడిదరంగు శాలువా కప్పుకున్న ఆవిడ ఎవరైనా కనిపించారా అండీ అని అడిగారు.

శాలువా నా భుజాల మీదే ఉంది.

కనిపించింది అన్నాను. బాగానే ఉందా అన్నారు. బాగానే ఉంది. వెనక్కి తిరిగి చూసిందా అని అడిగారు.

లేదు అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

9 అక్టోబరు

ఇవాళా మందిరగా వెళ్లాను. ఇవాళా ఎవరో పరాయిదానిగా తిరిగి వచ్చాను.

10 అక్టోబరు, శనివారం

గది శుభ్రం చేసే ఫూల్‌మాయా పిన్ని వరస కలిపి అడిగింది, మాసీ, రోజూ అదే వేళకు ఎక్కడికి పోతావు, ఆయన్ను ఒక్కర్నే వదిలేసి అని. ఏం చెప్పను. ఆయనే పంపిస్తున్నారు అన్నాను. మగవాళ్లు ముసలివాళ్లయితే పెళ్లాం కొంగు పట్టుకుని తిరుగుతారు గానీ పొమ్మనే మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నా అంది.

ఇవాళ మలుపు దగ్గర ఆగలేదు. ఇంకా కిందికి దిగి ఒక టీ కొట్లో కూర్చున్నాను. ముప్పావుగంట. నేను మందిరను కాను. కరబినీ కాను. ఎవరికీ ఏమీ కాను. టీ బాగుంది. తిరిగి వెళ్లకపోతే ఏమవుతుంది అని ఒక్కసారి అనిపించింది. రెండోసారి కూడా అనిపించింది.

వచ్చేసరికి ఆయన వరండాలోనే ఉన్నారు. పరాయివాళ్లతో ఆయన ఎంత మనసువిప్పి మాట్లాడతారో నాకు ఇన్నాళ్లూ తెలియదు. మందిర గురించి చెప్పుకొచ్చారు. నాకు ఉక్రోషం వచ్చింది. మీకు భార్య లేదా అని అడిగాను.

లేకేం, కరబి, ఇంట్లో ఉంది. ఒక్కతే ఉంది పాపం, ఇన్ని రోజులు ఎప్పుడూ వదిలిపెట్టలేదు అన్నారు. ఫోన్ చెయ్యాలి అన్నారు.

వాదించకూడదు కదా. ప్రధాన్ మా ఇంటి నంబరు కలిపి ఇచ్చాడు. తాళం వేసిన ఇల్లు, ఎవరు ఎత్తుతారు? మోగి మోగి ఆగిపోతుంది అనుకున్నాను. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడారు. ఊఁ కొట్టారు. నవ్వారు. తిన్నావా అని అడిగారు. పెట్టేసి నాతో చెప్పారు: వంటింట్లో కుళాయి కారుతోందట, కింద నీలం బకెట్ పెట్టిందట.

11 అక్టోబరు

ఉండబట్టలేక కింది వాటా శేఫాలికి ఫోన్ చేశాను. మా ఇంటి రెండో తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. ఒకసారి తీసి చూసి రా అన్నాను. అరగంట తర్వాత మళ్లీ చేశాను.

కుళాయి కారుతోంది అక్కా అంది. వాషర్ పోయినట్టుంది, ముందే నీలం బకెట్ పెట్టి వెళ్లావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా ఇంటి కప్పులోంచి వాన కురిసేది అంది.

నీలం బకెట్ బాత్రూంలో బోర్లించి వచ్చాను. బాగా గుర్తు.

నిన్న ఫోన్ నువ్వు ఎత్తావా అని అడిగాను. నేను తలుపు తీసింది ఇప్పుడే కదా, నువ్వే తియ్యమంటివి అంది.



12 అక్టోబరు

ఇవాళ వెళ్లకూడదు అనుకున్నాను. నాలుగైంది. కుర్చీలోంచి లేవలేదు. శాలువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకుని, నేను కరబిని, చూడండి, నేనే అన్నాను. డాక్టర్ వద్దన్న పనే.

ఆయన ముఖం చిన్నపిల్లాడిదిలా ముడుచుకుపోయింది. వెళ్లండి, దయచేసి వెళ్లండి, మీరు వెళ్తే గానీ నేను ఇంటికి పోలేను, కరబి ఒక్కతే ఉంది అని ఏడ్చారు. ప్రధాన్, ఫూల్‌మాయా పరుగెత్తుకొచ్చారు. ఆ ఏడుపు ఆగదు. ఫూల్‌మాయా నా చెవిలో, మాసీ, పో, ఆయన కోసం పో అంది.

వెళ్లాను. స్కూలు గోడ పక్కన నిలబడి నేనూ ఏడ్చాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చేతులు నాకే కనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన శాంతంగా బట్టలు సర్దుకుంటున్నారు. ఆవిడ వెళ్లిపోయింది అండీ అన్నారు. ఇక నాకు ఇక్కడ పనిలేదు, రేపు ఇంటికి వెళ్తున్నాను అన్నారు. మీదీ కలకత్తానే అయితే మీరూ రండి. కరబి మంచి మనిషి. మీకు నచ్చుతుంది.

వస్తాను అన్నాను.

13 అక్టోబరు. రైల్లో

ఎదురు బెర్త్‌లో నిద్రపోతున్నారు. పడుకునే ముందు కరబి గురించి చెప్పారు. కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెడుతుందట. ఆవకూర వండితే వీధంతా వాసన వస్తుందట. తనకు ఒంట్లో బాగోలేదని ఆమెకు తెలియనివ్వలేదట. తెలిస్తే తట్టుకోలేదట.

ఇవేవీ ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

14 అక్టోబరు, మధ్యాహ్నం. మా మెట్ల మీద

శేఫాలి తన తాళంచెవి కూడా నా చేతిలో పెట్టి కిందికి వెళ్లిపోయింది. తలుపు తియ్యబోతే ఆయన నా చెయ్యి ఆపారు. కరబిని తియ్యనివ్వండి అన్నారు. బెల్ నొక్కారు.

వంటింటి వైపు నుంచి చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. లోపల ఎవరో గొళ్లెం తీశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను తల ఎత్తలేదు. మీరూ రండి అని పిలిచారు. కాసేపాగి వస్తానన్నాను.

లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.